మిల్లు డాబా మీద అమ్మ ఏ టీము?

తన ఫుట్‌బాల్ టీము వరసగా ఓడుతోందని మా మనవడు నిన్న జెర్సీ మార్చేశాడు. అప్పటినుంచి నాకు కుదురు లేదు.

మన ఈడు వాళ్లకు గుర్తుందా, లేసు బిగించే తోలు బంతి? సూర్యాపేటలో మా రైసుమిల్లు వెనక మైదానంలో దానితోనే ఆడేవారు. ఆడవాళ్లం మిల్లు డాబా మీంచి చూసేవాళ్లం. ఎండబోసిన వడ్లు కాళ్లకు గుచ్చుకునేవి.

మా ఊరి తరఫున మా బాపు, మిర్యాలగూడ గోల్‌లో మేనమామ. అమ్మ కూర్చునేదే కాదు. సగం ఆటయ్యాక జట్లు వైపులు మారితే, అమ్మ కూడా తమ్ముడి వెంట డాబా ఆ చివరికి నడిచేది. ఒకసారి బాపు కొట్టిన బంతిని మామ ఆపితే, ఒక్కతే చప్పట్లు కొట్టింది.

"నీ పెనిమిటి గోల్ పోతే సప్పట్లు కొడ్తవా?" అంది నానమ్మ.

"ఆయన ఓడినా ఇంటికే వస్తడు అత్తమ్మా. తమ్ముడు ఓడితే మళ్ల ఈ ఊరికి రాడు."

మామ ఓడిపోయాడు. బాపే అతన్ని సైకిల్ ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు. "తీస్కొచ్చిన. ఇగనన్న మా దిక్కు అయితవా?" అన్నాడు అమ్మతో.

అమ్మ మంచినీళ్లు ముందు తమ్ముడికిచ్చింది.

మరుసటి ఏడు జట్లు వైపులు మారగానే మళ్లీ ఆ చివరికే నడిచింది. ఈసారి చాప చంకన పెట్టుకుని వెనకాలే నానమ్మ.