గోడవతల టీచరమ్మ

జమ్మలమడుగులో ఎలక్షన్లు అయిపోయినా గొడవలు ఆగలేదు. మా ఆయన ఒక పార్టీకి ఏజెంటుగా కూర్చున్న పాపానికి, ఎవరు యాడ కాపేసినారో తెలీక శానా రోజులు గడప దాటలేదు. పొద్దుపోక ఇంగ్లీషు పేపర్లో పజిల్ పట్టుకున్నాడు. వాళ్లిచ్చిన అక్షరాలతో మాటలు కట్టాల.

నేనూ ప్రొద్దుటూరులో టెన్త్ పాసైనదాన్నే. నన్ను అడగడు. పక్కింట్లో ఉండే మిషన్ స్కూలు టీచరమ్మను గోడమీంచి కేకేసి అడుగుతాడు.

ఆ పొద్దు గూడా అంతే. "టీచరమ్మా, ఎన్, జి, ఆర్, ఏ, డి, ఇ... ఈ ఆరు అక్షరాలూ కలిపి ఒక మాట కట్టాల!"

ఆమె గిన్నెలు తోముకుంటానే "గార్డెన్" అనింది. ఈయన మొగం వెలిగిపోయింది. నేను కెలికిన సంగటి తినేటప్పుడు ఒక్కనాడన్నా ఆ మొగం అట్ల వెలిగిందా?

నాకు కడుపు మండిపోయింది. పొయ్యి మీది ఎసరు వదిలేసి వచ్చి, పేపరు లాక్కుని, అవే అక్షరాలు కిందామీదా చేసి చూసినా.

"డేంజర్ గూడా వస్తాది" అన్నా.

ఆయన పెన్సిలు ఎత్తినాడు గానీ రాయలేదు.

"ఉండు, టీచరమ్మను ఒక మాట అడిగి రాస్తా" అని గోడ దగ్గరికి పోయినాడు.