అక్కవాళ్ళ ఎర్రపిల్లకు తాపిన నీళ్ళు

నా చిన్నప్పుడు నాకున్న రెండు కళ్ళలో ఒకటి ఎప్పుడూ మా పెదనాయన ఇంటి మీదే ఉండేది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో బస్సు దిగి, చేలగట్ల మీదుగా నడిస్తే వచ్చే చిన్న ఊరు మాది. మా రెండు ఇళ్ళకూ మధ్య ఒక మట్టిగోడ. గోడకు అవతల పాలిచ్చే బర్రె, ఇవతల ఖాళీ కొట్టం. అవతల మా పెదనాయన కూతురు, ఇవతల నేను. ఆమె నాకంటే కొంచెమే పెద్ద, అందుకని అక్కా అని పిలిచేదాన్ని. అక్కది మంచి గొంతు. ఆదివారం చర్చి ఆరాధనలో పాట ఎత్తేది ఆమే. అక్క జడకు కొత్త రిబ్బను కడితే నా జడ నాకే వెలితిగా కనబడేది. ఒకసారి అక్కకు జ్వరం వచ్చి, సంఘపు ఆడవాళ్ళంతా మంచం చుట్టూ కూర్చుని ప్రార్థన చేస్తుంటే, నాకు జ్వరం రాలేదని ఏడుపొచ్చింది.

మా సంఘ కాపరి అయ్యగారి భార్యను ఊరంతా అమ్మగారు అనేవాళ్ళు. మందిరం ఆవరణలోనే వాళ్ళ ఇల్లు. పత్తి తీతలు మొదలైన రోజుల్లో వాళ్ళ కుక్క పిల్లలు పెట్టింది. అవి పాలు మానే వయసుకు వచ్చాక అమ్మగారు అడిగినవాళ్ళకల్లా ఇచ్చి, చివరికి మిగిలిన ఎర్రదాన్ని అక్కకు, నల్లదాన్ని నాకు ఇచ్చింది. అక్క ఎర్రదాన్ని ఎత్తుకోగానే నాకు ఎర్రదే కావాలనిపించింది. ఆమె నల్లదాన్ని ఎత్తుకుని ఉంటే నల్లదే కావాలనిపించేదని ఇప్పుడు తెలుసు.

మా వైపు కుక్కపిల్ల బాగుందా లేదా అని చూడాలంటే ముందు కడుపు చూస్తారు. కడుపు గుండ్రంగా ఉంటే పిల్ల బలంగా ఉందనే కాదు, పెంచే ఇంట్లో గింజలకు కొదవ లేదని కూడా అర్థం. అక్కవాళ్ళ ఎర్రపిల్లకు కొద్ది రోజులకే కడుపు గుండ్రంగా వచ్చింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ మెచ్చుకునేవాళ్ళు.

"అబ్బా, కడుపు సూడే, చెంబు మాదిరుంది! బర్రె పాలంటే బర్రె పాలే."

తర్వాత గోడకు ఇవతల ఉన్న నా నల్లదాన్ని చూసేవాళ్ళు.

"ఏం పాపా, దీన్నేమన్నా ఉపవాస ప్రార్థనలో పెట్టినారా?"

ఆ మాటకు అందరూ నవ్వేవాళ్ళు. నేను నా సంగటి ముద్దలో సగం నల్లదానికి పెట్టేదాన్ని. అది శుభ్రంగా తిని, రోజంతా కోళ్ళ వెంట పరుగెత్తి, సాయంత్రానికి మళ్ళీ సన్నగానే కనబడేది. దాని కడుపును వేళ్ళతో నొక్కి చూసి, ఇంకా ఎప్పుడు ఉబ్బుతావే అని అడిగేదాన్ని.

నల్లదాన్ని ఇట్లా నొక్కి చూస్తూనే గోడ మీదుగా ఎర్రదాన్నీ గమనించేదాన్ని. అందుకే దానికి వచ్చిన మార్పు అందరికంటే ముందు నాకే తెలిసింది. కడుపు గుండ్రంగానే ఉంది గానీ వెన్నుపూస చేతికి తగిలేంతగా పైకి తేలింది. వెంట్రుకలు నిగనిగ పోయి గడ్డిలాగా నిక్కబొడుచుకున్నాయి. కూర్చుని వెనక భాగాన్ని నేలకేసి రాసుకుంటూ ముందుకు జరిగేది. కోడి ఎదురుగా వచ్చినా లేచేది కాదు. ఒకరోజు పొద్దున పాలన్నీ కక్కేసింది. ఆ కక్కిన దాంట్లో సేమ్యాల మాదిరి తెల్లటివి మెలికలు తిరుగుతున్నాయి.

నేను మందిరం దగ్గరికి పరుగెత్తాను. జాలితో పరుగెత్తానని చెప్పలేను. అక్కవాళ్ళ ఇంట్లో కూడా ఏదో ఒకటి చెడిపోయిందనే వార్తను అందరికంటే ముందు మోసుకుపోవాలని పరుగెత్తాను. అమ్మగారు బియ్యం ఏరుతోంది. నేను చెప్పింది విని చేట పక్కన పెట్టి ఒక్కొక్కటే అడిగింది. ఎప్పటి నుంచి ఆడుకోవడం మానింది? బేదులు ఏ రంగులో ఉన్నాయి? పళ్ళ చిగుళ్ళు ఎట్లా ఉన్నాయి? ఆమె అడిగిన ప్రతిదానికీ నా దగ్గర జవాబుంది. చిగుళ్ళు పత్తికాయలోని పత్తి మాదిరి తెల్లగా ఉన్నాయని కూడా చెప్పాను. అమ్మగారు చేతులు దులుపుకుని లేచింది.

"మీ అక్క కూడా దాన్ని ఇంత బాగా సూసి ఉండదు పాపా" అంది. మెచ్చుకుందో లేదో నాకు అర్థం కాలేదు.

మేము పోయేసరికి ఎర్రపిల్ల పూర్తిగా వాలిపోయింది. కింద పడిన బేదుల్లో నెత్తురు జీరలున్నాయి, వాసన ముక్కు పగిలేటట్టు ఉంది. అక్క ఏడుస్తోంది. మా అవ్వ నీళ్ళ గిన్నెను కాలితో దూరంగా నెట్టింది. బేదులు అవుతుంటే నీళ్ళు తాపకూడదని మా ఊళ్ళో అందరి నమ్మకం. బిడ్డలకైనా అంతే, దూడలకైనా అంతే.

"అదేందమ్మగారూ, బేదులయ్యేదానికి నీల్లు తాపితే ఇంకా కారిపోదా?" అని అవ్వ అడ్డం పడింది.

"కారే కడవలో నీల్లు పొయ్యకపోతే కడవ ఎండిపోతాది అవ్వా" అంది అమ్మగారు. అవ్వకు ఆ మాట నచ్చలేదు, గొణుక్కుంటూ పక్కకు జరిగింది.

ఎర్రపిల్లను గంపలో పెట్టుకుని అమ్మగారు, అక్క, నేను బస్సెక్కి ఆదోని పశువుల ఆసుపత్రికి పోయాము. డాక్టరు దాని మెడ మీది చర్మాన్ని వేళ్ళతో పైకి లాగి వదిలాడు. ఆ మడత కిందికి పోకుండా అట్లే నిలబడింది. ఒంట్లో తడి అంత తగ్గిందని చెప్పాడు. మేము బర్రె పాల బలం అనుకున్నది పురుగుల కడుపట. చాలా పిల్లలకు ఆ పురుగులు తల్లి నుంచే వస్తాయట, మట్టిలో నుంచి కూడా వస్తాయట. పైగా ఇప్పుడు పేగులకు అంటురోగం తగిలింది. సూది వేసి, చర్మం కింద సెలైను ఎక్కించాడు. కక్కులు ఆగాక పురుగుల మందు ఇవ్వాలని, నల్లదానికీ తల్లి కుక్కకూ కూడా తాపాలని, కొన్నాళ్ళకు మళ్ళీ ఒకసారి తాపాలని చెప్పాడు. పాలు ముట్టించకూడదు. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు, చక్కెర కలిపి గడియ గడియకూ చెంచాతో తాపుతూ ఉండాలి. మళ్ళీ వాలిపోతే వెంటనే తీసుకురావాలి. బతుకుతుందా అని అక్క అడిగితే, ఈ రెండు మూడు రోజులు గడవనీ అన్నాడు.

నేను ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నది పురుగుల మూటను చూసి! ఆ సంగతి తెలిసి నవ్వు రావాలి, రాలేదు. తిరుగు బస్సులో ఎర్రపిల్ల అమ్మగారి కొంగు కింద వెచ్చగా పడుకుంటే, ఆ కొంగును చూసి కూడా కుళ్ళుకున్నాను.

ఊరికి వచ్చాక అమ్మగారు ఎవరూ అనుకోని పని చేసింది. ఎర్రపిల్లను మా ఖాళీ కొట్టంలో పెట్టి, దాన్ని చూసుకునే పని నాకు అప్పజెప్పింది. రోగం అంటకుండా నా నల్లదాన్ని తనింటికి తీసుకుపోయి, దాన్ని చూసుకోమని అక్కకు చెప్పింది.

అక్క ఒప్పుకోలేదు. "నా పిల్ల నాకాడే ఉండాల."

"మీ తమ్ముడు ఇల్లంతా పాకతాండాడు గదమ్మా. ఆ పురుగుల గుడ్లు మట్టిలో ఉంటాయి. వాని చేతికంటుకొని నోట్లోకి పోతే బిడ్డకు కూడా రోగమే."

"అయితే నేనే కొట్టంలో కూసుంటా."

"నువ్వు కూసుంటే ఏడుస్తావు. ఇది కూసుంటే సూస్తాది" అని అమ్మగారు నన్ను చూపించింది. నాకు గర్వం, ఉక్రోషం ఒకేసారి వచ్చాయి.

అమ్మగారు నాకు ఒక నియమం కూడా పెట్టింది. చెంచా నోటికి పెట్టే ముందు ప్రతిసారీ పైకి వినబడేలా ప్రార్థన చేయాలి. ఆ ప్రార్థనలో "మా అక్క కుక్కపిల్లను బాగుచెయ్యి ప్రభువా" అనే చెప్పాలి. అక్క పేరు లేకుండా చెప్పిన ప్రార్థన లెక్కలోకి రాదంది. నాకు ఆ మాట వేపాకు నమిలినట్టుండేది. అయినా పళ్ళు బిగబట్టి చెప్పేదాన్ని. పాడైన గుడ్డలు వేడినీళ్ళలో ఉడకబెట్టాను. బేదులు పడిన చోట మట్టి గీకి, దూరంగా గుంటలో పూడ్చి, సున్నం చల్లాను. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోకుండా అన్నం ముట్టనిచ్చేది కాదు మా అమ్మ.

సాయంత్రం పూట అక్క గోడ మీదికి ఎక్కి ముందు ఎర్రదాని సంగతి అడిగేది. తర్వాత, "నీ నల్లది నేను పాట ఎత్తితే తోక ఊపుతాది తెలుసా? నా ఒళ్ళోనే నిద్రపోతాది" అనేది. నేను ఇక్కడ రోగిష్టి పిల్ల దగ్గర సున్నం చల్లుతుంటే, నా పిల్ల అక్కడ అక్క పాట వింటోంది! బైబిల్ వాక్యంలో ఒక పెద్దకొడుకు ఉన్నాడు. ఇల్లు విడిచిపోయి తిరిగొచ్చిన తమ్ముడి కోసం ఇంట్లో విందు జరుగుతుంటే లోపలికి రానని బయటే నిలబడతాడు. ఆదివారపు బడిలో ఆ కథ విన్నప్పుడల్లా ఆ కొడుకుది తప్పేముందని నా మనసులో అడిగేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఎర్రపిల్ల మింగడం మానేసింది. చెంచాతో పోసిన నీళ్ళు పెదవి పక్క నుంచి కారిపోయాయి. తల నా అరచేతిలో వడలిన తీగలా వేలాడింది. ఇంట్లో అందరూ పత్తి చేనికి పోయారు. మందిరం దాకా పరుగెత్తి వచ్చేలోపల పోతుందేమోనని భయమేసింది. దాన్ని గుడ్డలో చుట్టి గుండెకు ఆనించుకుని ప్రార్థన చేశాను. అమ్మగారి నియమం గుర్తుకు రాలేదు, ఎవరి పిల్ల అన్నదీ గుర్తుకు రాలేదు. బతికించు, బతికించు అని మాత్రమే అన్నాను. వేలు నీళ్ళలో ముంచి దాని నాలుక మీద పెట్టాను. మళ్ళీ ముంచాను, మళ్ళీ పెట్టాను. చాలాసేపటికి ఆ చిన్న నాలుక కదిలి నా వేలిని నాకింది. అప్పుడు దాన్ని ఎత్తుకుని మందిరానికి పరుగెత్తాను. అమ్మగారు ఆ పూట బస్సుకే ఆదోనికి తీసుకుపోయి మళ్ళీ సెలైను ఎక్కించుకుని వచ్చింది.

అక్కడి నుంచి అది కోలుకుంది. ముందు పలచటి గంజి, తర్వాత మెత్తటి అన్నం. కక్కులు ఆగాక తాపిన మందుకు పురుగులు పడిపోయాయి. కడుపు లోపలికి పోయి, చూడటానికి సన్నగా, నల్లదాని మాదిరే అయింది. కళ్ళలో మాత్రం దీపం పెట్టినట్టుండేది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. ప్రార్థనకు జవాబు పొందినవాళ్ళు లేచి దేవునికి కృతజ్ఞత చెప్పే సమయం అది. అక్క లేచి నిలబడింది. నీళ్ళు తాపింది నేను, సాక్ష్యం ఆమెది! కనీసం నా పేరైనా చెబుతుందా అని చెవులు రిక్కించాను.

"దేవుడు నా ఎర్రపిల్లను బతికించినాడు. స్తోత్రం" అంది అక్క. సంఘమంతా స్తోత్రం అంది. అక్క కూర్చోలేదు.

"కానీ అది ఇప్పుడు నాకాడికి రావడంల్యా. పిలిస్తే మా చెల్లెలు కాడికే పోతాంది. దానికి నేను ఎవురో కూడా తెలవడంల్యా" అని ఏడ్చేసింది.

సంఘం గొల్లున నవ్వింది. "కుక్కపిల్ల మీద ఫిర్యాదు కూడా సాక్ష్యమేనా పాపా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అయ్యగారు కూడా నవ్వాపుకోలేకపోయాడు. నవ్వనిది అమ్మగారు ఒక్కతే. ఆమె అక్కను చూడలేదు, నన్ను చూసింది.

పుట్టినప్పటి నుంచి నేను కోరుకున్నది ఆ నిమిషంలో నాకు దొరికింది. అక్క నన్ను చూసి కుళ్ళుకుంటోంది. బిగించిన ఆ పెదవులు, పక్కకు తిప్పుకున్న ఆ చూపు నాకు బాగా తెలిసినవే. వాటి వెనక ఎంత మంట ఉంటుందో ఆ మందిరంలో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు. నేను గెలిచాను, కానీ ఆ గెలుపు నోట్లో పెట్టుకుంటే ఏ రుచీ లేదు.

ఆ మధ్యాహ్నమే ఎర్రపిల్లను తీసుకుపోయి అక్క ఒళ్ళో పెట్టాను. గంజి గిన్నె కూడా ఆమెకే ఇచ్చాను. అది నావైపు తిరిగి కుయ్యిమంది. నేను అక్కడే ఉంటే అది అక్కకు అలవాటు కాదని లేచి వచ్చేశాను. తర్వాత కొన్నాళ్ళు గోడ దగ్గరికి పోలేదు. అది గోడను గోకుతున్న చప్పుడు వినబడుతుంటే, తిరిగొచ్చిన నల్లదాన్ని పట్టుకుని ఇంట్లో కూర్చునేదాన్ని. ఆ చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఒకరోజు ఆగిపోయింది. అవతల అక్క నవ్వు వినబడింది. నాకు ఏడుపొచ్చింది, కానీ అది వెనకటి ఏడుపు కాదు.

అమ్మగారు ఆ విషయం మీద నాకు ఒక్క ముక్క కూడా బోధించలేదు. ఆమె ప్రభువు దగ్గరికి పోయి చాలా కాలమైంది. నా ఈర్ష్య మాత్రం నన్ను పూర్తిగా విడిచిపెట్టలేదు, ఈ వయసులో కూడా. మొన్న మా సంఘానికి కొత్తగా వచ్చిన కోడలు పిల్ల పాడితే అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఇన్నేళ్ళుగా నేను పాడుతున్నా నాకోసం ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని మోకరించాను. ఆ అమ్మాయి పేరు పైకి చెప్పి, ఆమె గొంతును చల్లగా కాపాడమని అడిగాను. మొదటిసారి పేరు సగంలోనే ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి పూర్తిగా వచ్చింది.