గుడ్డి డిటెక్టర్

ప్రయోగశాలలో అందరూ ఆమెను డిటెక్టరమ్మ అంటారు. వెంట్రుకంత మందం కూడా లేని సిలికాన్ పలకలకు అంతకన్నా సన్నటి తీగలు అతికించి, వచ్చిపడే కణాలను పట్టి చూపే డిటెక్టర్లు చేయడం ఆమె పని. ఆ గదిలో తుమ్ము వస్తే ఎంతటివాళ్లైనా బయటికి వెళ్లి తుమ్మాల్సిందే. భర్తకూ మినహాయింపు లేదు.

ఆ పలకలతో ప్రయోగాలు చేసేది ఆయనే. లిథియం కేంద్రకాలను వేగంగా పంపి బిస్మత్ అనే బరువైన లోహపు పలుచటి రేకుకు కొట్టిస్తాడు. లిథియంది అంత గట్టి సంసారం కాదు. ఆల్ఫా అనే పెద్ద ముక్క, ట్రైటాన్ అనే చిన్న ముక్క ఏదో సర్దుకుని కలిసుంటాయి. బరువైన కేంద్రకం దగ్గరికెళ్తే చాలు, ఎవరి దారి వాళ్లది. విడిపోయిన రెండూ వచ్చి డిటెక్టర్‌లో పడాలని ఆయన లెక్క. ఆల్ఫాలు కుప్పలుగా పడ్డాయి. చాలావాటికి జోడీ మాత్రం రాలేదు.

ఆయన తన లెక్కను అనుమానించలేదు. భార్య డిటెక్టర్‌ను అనుమానించాడు. అది గుడ్డిదనీ, తీసేసి బయట కొందామనీ నిండు సమావేశంలో అన్నాడు. ఈ ఒక్క ప్రయోగం అయ్యాక తీసేద్దామని డైరెక్టరు తేల్చేశారు. ఏళ్లు ధారపోసి చేసిన వస్తువు. డిటెక్టరమ్మ ఇంటికొచ్చి కూర తరుగుతూ ఆ సంగతి అత్తగారికి చెప్పింది. ఆడలేక మద్దెల ఓడన్న మాట తన కొడుకును చూసే పుట్టి ఉంటుందని ఆవిడ తీర్పిచ్చింది. కొడుకు పేపర్ చదువుకుంటున్నట్టు కూర్చున్నాడు.

ప్రయోగం రోజున డిటెక్టరమ్మ కుడివైపు పలకను ఎడమకు, ఎడమది కుడికి మార్చింది. పలకది తప్పయితే లోటు దాని వెంటే కొత్త చోటికి రావాలి. రాలేదు. ఆల్ఫాలు ఎప్పటిలాగే ఒంటరిగా పడ్డాయి.

అంటే ట్రైటాన్లు డిటెక్టర్ దాకా రావడమే లేదు. మరి పోయిందెక్కడికి? ఆమె లిథియం పంపడం ఆపించి, దెబ్బలు తిన్న రేకునే తన పలకల ముందు పెట్టించింది. కాసేపటికి తెర మీద కొత్త గీత లేచింది. అంతకుముందు రేకులో లేని, తనంతట తానే ఆల్ఫాలు వదిలే పోలోనియం అనే మూలకానిది అది. ట్రైటాన్ బిస్మత్‌లో కలిసిపోతే మిగిలేది ఆ మూలకమే. దారి తప్పిందనుకున్నది దారిలోని ఇంట్లోనే కాపురం పెట్టేసిందన్నమాట. ఆ గీతను పట్టి చూపించింది గుడ్డి డిటెక్టరే.

ఆయన ఆమె పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"దాని తప్పేం లేదోయ్. జంటగా వచ్చేవాటికోసమే చూస్తూ కూర్చున్నాను నేను."

"నాకెందుకండీ చెప్తారు, నాకు ముందే తెలుసు. గుడ్డిదని ఎక్కడన్నారో అక్కడికెళ్లి చెప్పండి."

ఆయన సమావేశానికే వెళ్లి చెప్పాడు. అందరూ విన్నాక, ఈ ఫలితం మీద రాసే పత్రంలో తన పేరుకు ముందు ఆమె పేరు రాయమన్నాడు. అప్పటిదాకా తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ డిటెక్టరమ్మ లోపలికి వచ్చి కూర్చుంది.