దాలమ్మత్త ఓటు

కొన్నేళ్లుగా ఒక ముద్ర బరువు మోస్తున్నాను. రబ్బరు ముద్రకి బరువేమిటని మీరు నవ్వవచ్చు. నేనూ నవ్వేసి ఊరుకుందామని చూశాను. కుదరలేదు.

దాలమ్మత్త మా నాన్నకి పెదనాన్న కూతురు. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనిలో బతుకంతా గడిపింది. చూపు పోయాక కూడా పప్పు విరగకుండా వేళ్లతోనే పొట్టు ఒలిచేది. చీర కొనాలన్నా రంగులన్నీ చెప్పించుకుని తానే ఒకటి తేల్చేది. ఆమెని చూస్తే నాకు ముచ్చటేసేది.

ఆ ఏడాది మా ఊరి సర్పంచి పదవికి అత్త మరిది, నాకు మావ, నిలబడ్డాడు. గుర్తు కత్తెర. ఎదురు నిలబడింది అత్తతో పనిచేసిన ఒకామె, గుర్తు బుట్ట. చూపు లేనివాళ్ల తరఫున తోడు వెళ్లినవాళ్లు ముద్ర వేయవచ్చు. అత్త తన కొడుకుని కాదని నన్ను రమ్మంది. ఆటోలో మెల్లగా చెప్పింది.

“బుట్ట మీద ఎయ్యి అల్లుడా.”

“మావ నిలబడ్డాడు కదత్తా?”

“మీ మావ మంచోడే. మనోళ్లే కదా, ఓటెక్కడికి పోద్దని మన గుమ్మం తొక్కనేదు. ఆ పిల్ల ఒచ్చి నా సెయ్యి పట్టుకుని అడిగింది. ఇన్నేళ్లలో నన్ను అడిగింది అదొక్కర్తే.”

నేను కాలేజీలో స్వేచ్ఛ మీద వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నవాణ్ణి. ఎంచుకోవాలంటే ముందు మనల్ని ఎవరో ఒకరు మనిషిగా లెక్కేసి అడగాలన్న సంగతి అందులో ఎక్కడా రాయలేదు.

ఓటు రహస్యంగా ఉంచుతానని సంతకం పెట్టి లోపలికి వెళ్లాను. అత్త నా మోచెయ్యి పట్టుకునే ఉంది. కత్తెర మీద వేశాను. మావంటే భయమా? కాదు. ముసలావిడకేం తెలుసులే అనుకున్నాను. నన్ను ఇప్పటికీ సిగ్గుతో చంపేది ఆ ఆలోచనే.

“ఏసినావా?”

“ఏసానత్తా.”

మావ భారీగా గెలిచాడు. ఆ ఒక్క ఓటు లేకపోయినా గెలిచేవాడే కదా? ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కానీ గెలిచినవాళ్ల ఊరేగింపు ఇంటి ముందుకి వచ్చినప్పుడు అత్త అరుగు మీద నిటారుగా కూర్చుని, అందరూ వినేలా, “నాను మాత్రం నాకు నచ్చినోళ్లకే ఏసినాను” అంది. దాంతో మావ వాళ్లు ఏడాదిపాటు ఆ గడప ఎక్కలేదు. ఆమె ఒక్క రోజూ నొచ్చుకోలేదు, తన ఇష్టానికి అంతమాత్రం ఖర్చు ఉంటుందిలే అన్నట్టు బతికింది. వేయని ఓటుకి ఆ శిక్ష. నేను పక్కనే ఉండి అంతా చూశాను.

మొన్న మళ్లీ ఎన్నికల మాట వచ్చింది. “నువ్వే రావాలి అల్లుడా. నా మాట ఇన్నోడివి నువ్వొక్కడివే” అంది.

నిజం చెబితే ఆ గర్వం కూలిపోతుంది, చెప్పకపోవడమే మంచిదని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. చూశారా, ఆమెకి ఏది మంచిదో ఇప్పుడు కూడా నేనే తేలుస్తున్నాను. ఆమెని అడగలేదు.

అత్తకి ఇంకా చెప్పలేదు. మీకు చెప్పాను. ఆమె బుట్ట అంది, నేను కత్తెర మీద వేశాను.