లైట్ల బందుకూ సోలార్ పరీక్షకూ ఒకే ముహూర్తం

జనగామలోని మా వీధిలో నేను సరిగ్గా పదకొండు నిమిషాలు తెలంగాణ ద్రోహినయ్యాను. గడియారం చూసి రాసిపెట్టుకున్నాను కాబట్టి నిమిషం కూడా తేడా లేదు. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

అది 2011. ఉద్యమంలో భాగంగా ఆ మంగళవారం సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా ఇంటింటా లైట్లు ఆర్పాలని పిలుపు వచ్చింది. లెక్కల టీచరునాయె, వీధిలోని ముప్పై రెండిళ్లకూ నేనే తిరిగి చెప్పాను: "జీరో బల్బు వెలిగినా ఊకోను!"

అంతకు రెండు రోజుల ముందే మా మిద్దె మీద సోలార్ పలకలు, ఇంట్లో బ్యాటరీ బిగించారు. కరెంటు పోగానే లైట్లు వాటంతటవే వెలుగుతాయట. పరీక్షించాలి కదా! ఏడింటికి ఎలాగూ మెయిన్ దించుతాను, రెండు పనులూ ఒకేసారి తీరిపోతాయని లెక్క వేశాను. బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో చూద్దామని ఇంట్లోని స్విచ్‌లన్నీ వేసి పెట్టాను. ఇంత తెలివి ఇంకెవరికైనా ఉంటుందా, మీరే చెప్పండి.

ఏడయింది. వీధంతా చీకటి. మెయిన్ దించాను. రెప్పపాటులో మా ఇల్లు పెళ్లిపందిరిలా వెలిగింది.

"ఏందే గిది?" అన్నారు మా ఆయన.

"బ్యాటరీ మంచిగ పనిచేస్తున్నది!" అన్నాను. ఆ గర్వం మూడు సెకన్లు నిలిచింది.

"టీచరమ్మా, లైట్లు బంద్ జెయ్!" బయట నుంచి కేకలు.

కంగారుగా మెయిన్ ఎత్తాను, దించాను. ఊహూఁ.

"ఎట్ల ఆర్పుతవిప్పుడు?" అన్నారు మా ఆయన.

"సూర్యుని కరెంటు గదా, పలకలు కప్పితే ఆరిపోతది. గొంగడి తే!"

మిద్దెక్కి పలకల మీద గొంగడి పరిచాను. ఎదురింటి ఎల్లమ్మ కింది నుంచి అరిచింది: "పొద్దుగూకి గంటయింది టీచరమ్మా! ఎవర్ని పండవెడుతున్నవ్?"

వీధి వీధంతా పగలబడి నవ్వింది. చివరికి ఎల్లమ్మే ఇంట్లోకి వచ్చి గోడకున్న స్విచ్‌లు టకటకా నొక్కింది. చీకటి! ఏడూ పదకొండు.

"ముందుగాల్నే గివి నొక్కరాదు?"

"ఊరందరికి చెప్పినదాన్ని. రేపు మొఖమెట్ల చూపెట్టాలె, ఎల్లమ్మా?"

"మొఖం సంగతి తర్వాత గని, ఒక్కటి చెప్పు. మా అందరికన్న ముందు మీ ఒక్కింటికే తెలంగాణ ఇచ్చిండ్రా ఏంది?"

ఇప్పుడు నాకు డెబ్బై రెండేళ్లు. లెక్కల పుస్తకం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఉద్యమానికీ, ఇంటి పరీక్షకూ ఒకే ముహూర్తం ఈ జన్మలో మళ్లీ పెట్టను.