తొడ మీద తట్టు

కుస్తీ నేర్పే తాలీంలో చేరబోయే పడుచువాళ్లు కొందరు మా దవాఖాన దగ్గర ఆగి, “కంపౌండర్ సాబ్, కుస్తీ నేర్సుకుంటె దెబ్బలు బాగ తాకుతయా?” అని అడుగుతుంటారు. పహిల్వాన్లను అడిగితే గెలిచిన కుస్తీల సంగతే చెబుతారు. రాజేశం ఉంటే దెబ్బల సంగతీ చెప్పేవాడు. అతని కథ ఊళ్లో ఇప్పటికే రెండు రకాలుగా తిరుగుతోంది. పొగరుకు పోయి మెడ విరగ్గొట్టుకున్నాడని కొందరు, జోడీవాడు పగతో విరిచాడని కొందరు అంటున్నారు. రెండూ నిజం కావు. నేను చూసినది, విన్నది కాగితం మీద లేకపోతే ఆ అబద్ధాలే మిగులుతాయి. అందుకే రాస్తున్నాను.

1958లో నేను మంచిర్యాల వైపు ఒక సర్కారు దవాఖానలో కంపౌండర్‌ని. మందులు కలపడం, కట్లు కట్టడం, సూదులు వేయడం నా పని. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా గ్రంథాలయం బల్ల మీద సంపాదించిందే. మనిషి ఎముకల మీద పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి అక్కడ ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. ఆ పేర్లు ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను. అది నాకు గర్వమే.

కొత్తవాడి చేతికి తాలీంలో మొదట ఇచ్చేది పార. మట్టి తవ్వి, గడ్డలు చిదిపి, నూనె కలిపి మెత్తగా చేయాలి. తర్వాత దండ్లు, బస్కీలు. మొదట్లో తొడలు పట్టేసి మా దవాఖాన బెంచీ మీద కూర్చోలేక నిలబడే నాతో మాట్లాడతారు. పట్లు మొదలయ్యాక తామర వస్తుంది, ఒకరి ఒంటి మట్టి ఇంకొకరికి అంటుతుంది గనుక. వేళ్లు బెణుకుతాయి. ఆ తర్వాత చెవి. తలకు తల ఒరుసుకుని చెవి ఉబ్బుతుంది. దాన్ని హెమటోమా అంటాం, చర్మం కింద గూడు కట్టిన నెత్తురు. సిరంజితో లాగేసి బిగించి కట్టాలి. వదిలేస్తే చెవి ముడుచుకుని గట్టిపడుతుంది. పహిల్వాన్లకు ఆ ముడుచుకున్న చెవే ముద్దు.

రాజేశం మొదట నా దగ్గరకు వచ్చింది చెవి కోసమే. మగ్గం నేసే ఇంటివాడు, ఇరవై దాటాయి. తండ్రి లేడు. తల్లి నర్సవ్వ కండెలు చుట్టేది, అతను నేసేవాడు. కండె అంటే నూలు చుట్టిన సన్నని పుల్ల. మనిషి కూడా అలాగే ఉంటాడని బజార్లో కండె అనే పిలిచేవారు. తాలీంలో చేరాక ఆ పేరు కండె పహిల్వాన్ అయింది. వెంట వచ్చిన ఓదెలు స్టేషన్లో హమాలీ, తాలీంలో అతనికి జోడీ.

“కట్టు కట్టకు సాబ్. గిప్పుడిప్పుడే పహిల్వాన్ చెవి అయితున్నది” అన్నాడు రాజేశం.

“చెవి ఒక్కటి అయితే సాలునా? మిగిలిన మనిషి ఎప్పుడు అయితడు రా?” అన్నాడు ఓదెలు.

“నిన్ను చిత్ చేసిన్నాడు అయిత తియ్యన్నా.” రెండు భుజాలూ మట్టికి ఆనించి ఓడించడాన్ని చిత్ అంటారు.

“చెవి పోతే పోయె. చేతులు పైలం. మగ్గం మీద కూసుండేటోనివి” అన్నాను నేను.

“పొద్దుగాల మట్టిల, ఎండెక్కినంక మగ్గం మీద. రెండిటికి గివే చేతులు సాబ్!” అని చేతులు చూపించి నవ్వాడు.

ఆ వానాకాలంలోనే ఒక పొద్దున ఎడ్లబండి వచ్చి దవాఖాన ముందు ఆగింది. రాజేశం ఒంటి నిండా తాలీం మట్టి. పట్టు విడిచాక లేవకపోతే తాలీంవాళ్లు చంకల కింద చేతులు వేసి లేపి, కూర్చోబెట్టి నీళ్లు తాగించి, నిలబెట్టి చూసి, నిలబడకపోతే బండి మీద వేసుకొచ్చారు. లోపలికి తేగానే నన్ను అడిగాడు.

“సాబ్, నా కాళ్లు బండిల్నే ఉన్నయా?”

డాక్టరుగారు గుండుసూదితో పాదం నుంచి పైకి గుచ్చుకుంటూ పోయారు. ఛాతీ పైభాగం దాకా అతనికి తెలియలేదు. తల కదలకుండా రెండు వైపులా సాండ్ బ్యాగులు పెట్టాం, అంటే ఇసుక నింపిన సంచులు. మెడలో ఏడు ఎముకలుంటాయి. వాటి నడుమ నుంచి స్పైనల్ కార్డ్ దిగుతుంది. మెదడు ఆజ్ఞను ఒంటికి మోసే నరాల తాడు అది. ఎముక జరిగి తాడు నలిగితే, అక్కడి నుంచి కిందికి ఆజ్ఞ పోదు.

“కాళ్లు రావు. ప్రాణం నిలిస్తే చేతులు ఎంతవరకు వస్తాయో చూడాలి” అన్నారు డాక్టరుగారు.

నర్సవ్వ ఆయన ముందు కొంగు పట్టింది. “కాళ్లు లేకుంటె నేను ఎత్తుకుంట సారూ. చేతులియ్యి. చేతులుంటె కూసోవెట్టి కండెలన్న చుట్టిపిచ్చుకుంట.”

ఇక మేమంతా ఎదురుచూసింది ఆ చేతుల కోసమే.

వరండాలో ఓదెలు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నర్సవ్వ అతని మీదికి పోయింది. “నా కొడుకు మెడ ఇరిసినవ్. ఏం పగ రా నీకు?”

“పగ లేదవ్వా. మెడ పట్టు పట్టిన. వాడు తొడ గొట్టిండు. ఇంకా రా అంటుండు అనుకున్న. ఇంకింత బిగబట్టిన.”

కుస్తీలో తొడ కొట్టడమంటే సవాలు. పట్టు భరించలేనివాడు తట్టాలి, ఎదుటివాడు వదలాలి. తట్టమనే అందరూ చెబుతారు. ఓదెలు మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. “మెడ దొరికినంక గూడ తొడ గొట్టిండట కండె పహిల్వాన్!” అని మెచ్చుకున్నట్టే చెప్పుకున్నారు. నర్సవ్వకు ఆ మెప్పు కత్తి కోత. కొడుకు మెడ పోయిందనే బాధకు తోడు, పొగరుతో పోగొట్టుకున్నాడనే బాధ.

డాక్టరుగారు చీటీ రాసిచ్చారు. చెక్క మీద పడుకోబెట్టి రైల్లో హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ స్కల్ ట్రాక్షన్ పెట్టారు, తల ఎముకకు కొక్కేలు బిగించి బరువుతో మెడను లాగి ఉంచడం. కొన్ని వారాల తర్వాత, ఇక చేయగలిగింది లేదని మా వార్డుకే తిప్పి పంపారు.

మోచేతులు వంగుతున్నాయి. మణికట్టు కొంచెం లేస్తోంది. అది చూసి నర్సవ్వ ఒకనాడు నూలు తెచ్చి, తెగిన పోగుల రెండు కొసలు అతని వేళ్ల నడుమ పెట్టింది.

“ముడెయ్యి బిడ్డా.”

పోగు జారిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. అతను పైకప్పునే చూస్తూ, “అవ్వా, పోగు నా చేతిల ఉన్నదా, లేదా? చెప్పు. నాకు తెలుస్తలేదు” అన్నాడు.

ఆమె నూలు చుట్టి కొంగున కట్టుకుంది. తర్వాత ఎప్పుడూ తేలేదు.

ఓదెలు పని దిగాక రోజూ వచ్చి వరండాలో కూర్చుని పోయేవాడు. నర్సవ్వ లోపలికి రానిచ్చేది కాదు. పోగు జారిన మరునాడు రాజేశమే పిలిపించాడు. ఓదెలు మంచం కాళ్ల దగ్గర నిలబడి అడిగాడు.

“ఎందుకు గొట్టినవ్ రా తొడ?”

“సవాల్ గాదన్నా. ఊపిరాడలే. తట్టుమన్నరు గద, తట్టిన. దేని మీద తట్టాల్నో ఎవ్వలు చెప్పలే. ఒక చెయ్యి నీ కింద ఇరుక్కున్నది. ఇంకోటి నా తొడకే అందింది.”

“నోటితోనన్న ‘బస్’ అంటె అయిపోవు గద రా!”

“గొంతు నీ చేతిల ఉండె గదన్నా.”

ఓదెలు తల గోడకు ఆనించి ఏడ్చాడు. నర్సవ్వ బెంచీ మీద కొంచెం జరిగి, “కూసో” అంది.

పక్క మార్చడానికి ఆ రోజు నుంచి ఓదెలు కూడా చేయి వేసేవాడు. అయినా నడుము దగ్గర బెడ్ సోర్ పడింది, స్పర్శ లేని ఒళ్లు ఒకే చోట ఒత్తుకుని పడే పుండు. మూత్రానికి పెట్టిన గొట్టం వల్ల చీము పట్టింది, జ్వరం పట్టుకుంది. పెన్సిలిన్ ఇచ్చాం. రాజేశం చలికాలం దాటలేదు.

మెడ నలిగింది పట్టుతోనా, తర్వాత చంకలు పట్టి లేపడంతోనా? ఓదెలు నన్ను ఎన్నోసార్లు అడిగాడు. నాకు తెలియదు. డాక్టరుగారికీ తెలియదు. నేను చదివిన పుస్తకంలోనూ దానికి జవాబు లేదు. తెలిసిందల్లా ఇంతే. మెడకు దెబ్బ తగిలి కాళ్లు తెలియడం లేదన్నవాణ్ణి కూర్చోబెట్టకూడదు, నీళ్లు తాగించకూడదు. పడ్డవాణ్ణి పడ్డట్టే తల కదలకుండా పట్టుకుని, తలుపు చెక్క మీదికి మార్చి తేవాలి. తాలీంలో చేరేవాడు నొప్పులకు, తామరకు, చెవికి సిద్ధపడే పోతాడు. ఓడిపోతున్నానని ఎదుటివాడికి ఎలా తెలియజెయ్యాలో మాత్రం అడగడు. అడిగితే పిరికివాడంటారని భయం. మొదటి రోజే అడగండి. పట్టులో ఇరుక్కున్నాక అడగడానికి గొంతు ఉండదు.

రాజేశం మాటలు తాలీం నడిపే ఉస్తాద్‌కు నేనే చెప్పాను. ఇప్పుడు ఆ తాలీంలో పార ఇవ్వకముందే కొత్తవాణ్ణి మట్టిలో పడుకోబెట్టి తట్టడం నేర్పుతారు. ఎదుటివాడి వీపు మీద తట్టినా, నేల మీద తట్టినా, సొంత తొడ మీద తట్టినా వదిలేయాల్సిందే. సవాలుగా తొడ కొట్టడం నిలబడి ఉన్నప్పుడే.

ఇది రాయడానికి సాయపడినవాళ్లకు నా నమస్కారాలు: రాసింది చదివి వైద్యం మాటలు సరిచూసిన డాక్టరుగారికి, పొద్దూ రాత్రీ రాజేశాన్ని కడిగి, పక్క మార్చిన ఆయా పోచవ్వకు, ఎముకల పుస్తకాన్ని మళ్లీ వెతికి తీసిచ్చిన గ్రంథాలయం వెంకటయ్యకు, తాలీం పద్ధతి మార్చిన ఖాసిం ఉస్తాద్‌కు, “నా పేరు దాయకు సాబ్, ఉన్నదున్నట్టు రాయి” అన్న ఓదెలుకు. చివరగా నర్సవ్వకు. రాయొచ్చా అని అడగడానికి పోతే, ఆమె కండె చుట్టడం ఆపి ఇలా అంది:

“రాయి. నా కొడుకు తొడ గొట్టలేదు, తట్టిండు అని రాయి. పట్టు ఇడువుమన్నడని రాయి.”