మెట్ల కింది నల్లా

2006లో అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లకు ఎంత గిరాకీ ఉండేదో, కర్రీ పాయింట్లకూ అంతే ఉండేది. గదుల్లో అన్నం మాత్రం వండుకుని కూరలు కొనుక్కునే కుర్రాళ్లతో మైత్రీవనం వెనక గల్లీలు సాయంత్రమైతే కిక్కిరిసేవి. ఆ గల్లీల్లో నేను ప్లంబర్‌ని. కాస్త జాగా దొరికితే చాలు, మెట్ల కింద కూడా వంటగది పెట్టేవారు. రేపు ఇందులో దూరి మరమ్మతు ఎవరు చేస్తారని ఒక్క మేస్త్రీ కూడా ఆలోచించిన పాపాన పోలేదు.

సత్యవతి గారి కర్రీ పాయింట్ అలాంటి మెట్ల కిందే. భీమవరం వైపు మనిషి. ఆ ఏడు చికున్‌గున్యా వచ్చి, జ్వరం తగ్గినా వేళ్ల నొప్పులు తగ్గలేదు. గరిటె ఎలాగో పట్టుకునేవారు గానీ, నల్లా పిడి గట్టిగా పట్టి తిప్పడం ఆమె వల్ల అయ్యేది కాదు. భర్త ప్రసాద్ గారు పొద్దున్నే నీళ్లు పట్టి పెట్టి, పంజాగుట్టలో బట్టల షాపుకు పనికి పోయేవారు. మధ్యలో నీళ్లు అయిపోతే ఆమె దారిన పోయేవాళ్లను బతిమాలుకోవాలి.

"నెలాఖరుకి మూసేద్దామనుకుంటున్నామండీ," అన్నారాయన నన్ను పిలిచిన రోజే. "ఎంతకాలమని ఊళ్లోవాళ్లందరి చేతా కుళాయి తిప్పిస్తాం?"

ఆమె ఊరుకోలేదు. "మూసేసి నేనేం చెయ్యాలి? గోడలు చూస్తూ కూర్చోనా? నా కొట్టు నేను నడుపుకుంటాను."

అంతకుముందు వచ్చిన ప్లంబర్ నల్లా మార్చాలంటే గోడ పగలగొట్టాలని చెప్పి పోయాడట. అది మెట్లను మోసే గోడ. బిల్డింగ్ ఓనరు ససేమిరా అన్నాడు.

సోమాజిగూడ ఆసుపత్రుల్లో పనిచేసిన అలవాటు కొద్దీ నాకు ఎల్బో ట్యాప్ గుర్తొచ్చింది. డాక్టర్లు మోచేత్తో నెట్టి తెరిచే, పొడుగు పిడి ఉన్న నల్లా అది. "జర ఆగుండ్రి సార్. గోడ ముట్టకుండ నల్లా మార్చి చూస్త," అన్నాను.

గోడ నల్లా విప్పాలంటే దాన్ని మొత్తంగా చుట్టూ తిప్పాలి. ఇక్కడ పైన మెట్ల స్లాబు, పక్కన గోడ. సగం చుట్టు కూడా తిరగదు. పెద్ద పైపు పానా వేసి బలం చూపిస్తే, గోడలో తుప్పు పట్టిన పైపు విరుగుతుంది. అది విరిగితే దుకాణం ఆ రోజే మూత.

మేడ మీద ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసి వచ్చాను. ఇనుము కోసే హాక్సా రంపం ఫ్రేము కూడా ఆ సందులో పట్టలేదు. ఒట్టి బ్లేడుకు గుడ్డ చుట్టి నల్లా మెడ కోశాను. గోడలో మిగిలిన ముక్కకు కిరోసిన్ పట్టించి, తుప్పు నానేదాకా కూర్చున్నాం. తర్వాత ఎక్స్‌ట్రాక్టర్ తీశాను. బొక్కలోకి దూరి, ముక్కను లోపలి నుంచే పట్టుకుని తిప్పే పొట్టి కడ్డీ అది. గోడలోంచి కిర్రుమని చప్పుడొచ్చింది. ప్రసాద్ గారు కళ్లు మూసుకున్నారు. ముక్క మెల్లగా కదిలి బయటికొచ్చింది.

కొత్త నల్లా బిగించడానికీ అదే చిక్కు. ఎక్స్‌టెన్షన్ నిపుల్ అనే చిన్న పైపు ముక్క వేస్తే నల్లా ముందుకొచ్చి, తిరిగే జాగా దొరుకుతుంది. ఏ పొడవుది వెయ్యాలో తేల్చుకునే ముందు ఆమెను పిలిచాను.

"అమ్మా, మీరొకసారి గిన్నె పట్టుకొని నిలబడుండ్రి."

ఆమె గిన్నెను రెండు ముంజేతుల మీద ఆనించుకుని, నడుముతో సింకుకు నెట్టి నిలబడ్డారు. కుడి మోచెయ్యి గోడకు తగులుతోంది. ఎడమ మోచెయ్యి మాత్రం ఆడుతోంది.

"మీది ఎడమ చేతి వాటమా అమ్మా?"

"కాదండీ. జొరం వచ్చాక నేర్చుకున్నాను."

నా పనికి పొట్టి నిపుల్ చాలు. దాన్ని సంచిలో వేసి, పొడుగుది తీశాను. పిడి ఆమె ఎడమ మోచేతికి అందేలా బిగించాను.

పైన వాల్వు తెరిచి దిగి వచ్చాను. ఆమె మోచేత్తో నెట్టారు. నీళ్లొచ్చాయి. కట్టేశారు. మళ్లీ తెరిచారు. ప్రసాద్ గారు సాయానికి చెయ్యి పెట్టబోయారు.

"మీరు కాస్త తప్పుకోండి, వంకాయలు కడగాలి. కుర్రాళ్లొచ్చే వేళైంది."

ఆయన వెళ్లి, సగం దించి ఉన్న షట్టరు పూర్తిగా ఎత్తారు.

ఇప్పుడు ఇరుకు చోట నల్లా మార్చమని ఎవరు పిలిచినా, నేను వెంటనే సంచి విప్పను. రోజూ దాన్ని వాడే మనిషిని ముందు అక్కడ నిలబడమంటాను. ఆ సందులో నా పానా తిరిగేది ఒక్క పూటే. వాళ్ల చెయ్యి రోజూ ఆడాలి.